ఆ అరగంట ఎవరిది?

యోగా గురించి రాస్తానంటే మన మిత్రుల్లో కొందరు ముఖం చిట్లించవచ్చు. దాన్ని మతం ఖాతాలోనో ప్రభుత్వం ఖాతాలోనో వేసి ఊరుకుంటే నష్టపోయేది మనమే. నలభై దాటిన ఆడదాని నడుంనొప్పి ఏ ఖాతాలోదీ కాదు.

అరకులో నేనుంటున్న ఇంటి వరండాలో పొద్దున్నే చాప పరుస్తాను. తోడు ఒక వీధికుక్క. చోళ్ల రంగులో ఉంటుందని ‘చోడి’ అని పిలుస్తున్నాను. నేను శవాసనం వేయగానే వచ్చి పక్కన ఒరుగుతుంది. నా పొట్టనీ, వంగని మోకాళ్లనీ చూసి ఏమీ అనదు, టీ పెట్టమనదు. ఇంట్లో మరో ప్రాణి ఉండి కూడా మనకి పని చెప్పకపోవడం ఎంత అరుదో ఆలోచించండి.

ఈ అరకులోనే 2025 ఏప్రిల్‌లో వేలమంది గిరిజన విద్యార్థులచేత 108 సూర్యనమస్కారాలు చేయించారు. జూన్ 20న విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో 22 వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాలు చేశారు. గిన్నిస్ రికార్డు వచ్చింది. పిల్లల పట్టుదలని తక్కువ చేయను. కానీ రికార్డుకి కావలసింది ఎన్ని శరీరాలన్న లెక్క. ఆ పిల్లల తల్లుల శరీరాలు ఏ లెక్కలో ఉన్నాయి?

దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు జీతంలేని ఆ పనిలోనే ఉంటున్నారని 2024 కాలవినియోగ సర్వే చెప్పింది. అదే పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. కొండమీద దీనికి గెడ్డనుంచి నీళ్లు, అడవినుంచి కట్టెలు కూడా కలుస్తాయి.

కట్టెల మోపుతో వెళుతున్న ఒకామె నన్నూ చోడినీ చూసి నవ్వింది. “మా కుక్క కూడా నాతో కొండకి వత్తాది మేడం. ఇద్దరికీ తొంగోడానికే తీరిక నేదు.”

“వాళ్లకి యోగా ఎందుకు, పనే వ్యాయామం” అనే మాట అధికారులే కాదు, మన సంస్థలవాళ్లూ అనగా విన్నాను. నాకు ఒళ్లు మండుతుంది. మోపు మోయడం వ్యాయామం కాదు. అది వెన్నుని అరగదీస్తుంది. ఆమెకి ముందు కావలసింది ఇంటిదగ్గర కుళాయి, బిడ్డని చూసుకునే మనిషి, కట్టెల్లో సగం మోసే మొగుడు. తర్వాత ఆసనం వేస్తుందో, కుక్క పక్కన ఊరికే పడుకుంటుందో ఆమె ఇష్టం.

మన శిక్షణా శిబిరాలు కూడా ఉదయం ఆరింటికి యోగాతో మొదలవుతున్నాయి. వచ్చే శిబిరంలో ఆ గంటసేపు పిల్లల్ని మగ కార్యకర్తలకి అప్పగించి చూడండి. వచ్చినవాళ్లు నిద్రపోతే లేపకండి.