వంటగదిని కాదు, గట్టును పెంచుదాం

అమెరికాలోని మన ఇళ్ళలో వంటగది ఇరుకనిపించగానే గోడ పడగొట్టి గదిని పెంచాలన్న ఆలోచనే ముందుగా కలుగుతుంది. నిజానికి పెంచవలసింది గట్టుమీది ఎడతెగని ఖాళీని.

1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహాలకు రూపొందించిన వంటగది వెడల్పు 2 మీటర్ల లోపే, పొడవు 3.5 మీటర్ల లోపే. వంటలో వేసే అడుగులను, పట్టే కాలాన్ని గమనించి ఆమె ప్రతి వస్తువుకూ చోటు నిర్ణయించారు. అయితే అది ఒక్కరు పనిచేయడానికే సరిపోయే గది. ఆ లోపం మనకు రాకూడదు.

సింకు పక్కన కనీసం 36 అంగుళాల ఎడతెగని గట్టు ఉండాలని ఇక్కడి రూపకర్తల సూచన. మన ఇళ్ళలో ఆ చోటును రైస్ కుక్కరు, మిక్సీ, వెట్ గ్రైండరు ఆక్రమిస్తాయి. కూరలు తరగడానికి మిగిలేది జానెడే. వారానికొకసారి తిరిగే గ్రైండరుకు గట్టెందుకు? చక్రాల బల్లపై పక్కకు చేర్చవచ్చును. పోపుల డబ్బాలను గోడ అరలోకి ఎక్కించవచ్చును. సింకుకూ స్టవ్వుకూ నడుమ ఇద్దరు నిలిచి పనిచేసే చోటు ఏర్పడితే, వంట ఇల్లాలి ఒక్కరి భారమనే సాకు చెల్లదు. గోడ జోలికి పోయేముందు గట్టును ఖాళీచేసి కొలిచి చూడండి.