రైలు ఆగని ఊళ్ళో రేటు చెప్పేదెవరు?

కల్లంలో ధాన్యం పోసుకొని లారీ కోసం రోజుల తరబడి ఎదురుచూసే మనకు అమెరికా ముచ్చట ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. రేపు మనల్ని నడిపించాలనుకుంటున్న దారిలో అక్కడి రైతు ముందే నడిచాడు. ఆ దారి ఎక్కడ తేలుతుందో తెలుసుకోవడం మనకు అవసరం.

ఐయోవా, ఇల్లినాయిస్, ఉత్తర డకోటా వంటి మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో రైలుదారి వెంట కొన్ని మైళ్ళకొక ఊరు వెలిసింది. రైతు గుర్రపు బండి మీద గోధుమలో మొక్కజొన్నలో వేసుకొని వెళ్ళి, అమ్ముకొని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలన్నది ఆ దూరం వెనుక ఉన్న లెక్క. ఊళ్ళో ఒక చిన్న స్టేషను, దాని పక్కనే ఎత్తైన ధాన్యం గోదాము ఉండేవి. ఆ గోదామునే గ్రెయిన్ ఎలివేటర్ అంటారు. బండిని కాటా వేసి ధాన్యం గుంటలో కుమ్మరిస్తే, బెల్టుకు బిగించిన డబ్బాలు దాన్ని పైకి మోసి గాదెల్లో పోస్తాయి. అక్కడి నుంచి గొట్టం గుండా నేరుగా రైలు వ్యాగనులోకి జారుతుంది.

ఇవాళ అలాంటి ఎన్నో ఊళ్ళలో స్టేషను లేదు. పట్టాలు పీకేశారు. ఎలివేటర్లు కొన్ని కూలిపోయాయి, కొన్ని ఖాళీగా నిలబడ్డాయి. 1916లో అమెరికాలో సుమారు 2 లక్షల 54 వేల మైళ్ళ రైలుదారి ఉండేది. ఇప్పుడు మిగిలింది దాదాపు 1 లక్షా 40 వేల మైళ్ళు.

కాలం మారింది, లారీలు వచ్చాయి, అంతే కదా అంటారు. అది సగం నిజం. మిగతా సగం చూడాలంటే కోనోవర్ సంగతి వినాలి. 1865లో ఐయోవాలోని ఆ ఊరితోనే రైలుదారి ఆగేది. విలియం వాలెస్ కార్గిల్ అక్కడ ఒక ధాన్యం గోదాముతో వ్యాపారం మొదలుపెట్టాడు. రైలుదారి ముందుకు సాగింది, దాని వెంటే ఆయన వ్యాపారమూ సాగింది. నేడు కార్గిల్ ప్రపంచ ధాన్య వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కొద్ది కంపెనీలలో ఒకటి. కోనోవర్ మాత్రం పాడుబడిన ఊళ్ళ లెక్కలో చేరింది. వ్యాపారికి ఊరు ఒక మజిలీ. రైతు బతుకంతా ఆ ఊరితోనే.

అక్కడి రైతు చేతులు కట్టుకు కూర్చోలేదు. ఎలివేటర్ల వాళ్ళు ఇష్టం వచ్చినట్టు అద్దె పిండుతుంటే రైతులు సంఘం కట్టారు. 1871లో ఇల్లినాయిస్ రాష్ట్రం గోదాము అద్దెకు గరిష్ఠ రేటు కడుతూ చట్టం చేసింది. యజమానులు కోర్టుకెక్కారు. జనం అవసరంతో ముడిపడిన వ్యాపారాన్ని అదుపు చేసే హక్కు ప్రభుత్వానికి ఉందని 1877లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1915లో పుట్టిన నాన్‌పార్టిజన్ లీగ్ ఉత్తర డకోటాలో అధికారం గెలిచి, ప్రభుత్వమే పిండిమిల్లు, ఎలివేటరు నడపాలని పట్టుబట్టి సాధించింది. 1922లో గ్రాండ్ ఫోర్క్స్‌లో మొదలైన ఆ మిల్లు ఈ రోజుకీ ప్రభుత్వానిదే.

మరి ఊళ్ళు ఎలా పోయాయి? అదుపు సడలించడంతో. రాక్ ఐలండ్ రైల్వే దివాలా తీసి 1980 మార్చితో మూతపడింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన స్టాగర్స్ చట్టం రైలు కంపెనీలకు రేట్లలో స్వేచ్ఛ ఇచ్చింది, లాభం లేని దారులు వదిలించుకోవడం తేలిక చేసింది. ఆ తర్వాత నూరు వ్యాగన్లకు పైగా ఒకేసారి నింపగల ఎలివేటరుకే చవక కిరాయి దక్కింది. నాలుగైదు వ్యాగన్లు నింపే ఊరి గోదాముకు ఆ రైలు రాదు. పెద్ద రైలుకు టన్నుకయ్యే ఖర్చు తక్కువన్నది నిజమే. కానీ ఆ రైలు దాకా సరుకు మోసే ఖర్చు ఎవరి నెత్తిన పడింది? పది మైళ్ళలో ముగ్గురు కొనేవాళ్ళున్న రైతుకు ముప్పై మైళ్ళ అవతల ఒక్కడే మిగిలితే, ఆ ఒక్కడు చెప్పిందే రేటు!

ఇప్పుడు మన గడప చూసుకుందాం. మన రైల్వే కూడా 1980ల నుంచి విడి వ్యాగన్ల లెక్క వదిలి, పూర్తి రేకు నిండితేనే సరుకు ఎత్తే పద్ధతికి మళ్ళింది. చిన్న స్టేషన్ల గూడ్సు షెడ్లు పాడుబడటానికి అదొక పెద్ద కారణం. 2020లో తెచ్చిన మూడు చట్టాల్లో ఒకటి మార్కెట్ యార్డు గోడ అవతల ఫీజు, అదుపు లేని వ్యాపారానికి తలుపులు తీసింది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చున్న రైతులు 2021 నవంబరులో వాటిని రద్దు చేయించారు. చట్టం పోయింది గానీ ఆ ఆలోచన పోలేదు. యార్డును చట్టంతో మూయనక్కర్లేదు. సిబ్బందిని వేయకపోతే, గోదాము బాగుచేయకపోతే, కాంటాలు సకాలంలో పెట్టకపోతే అదే మూతపడుతుంది.

అందుకే మా డిమాండ్లు ఇవి. బండి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలో ప్రతి రైతుకూ కొనుగోలు కేంద్రం, గోదాము ఉండాలి. సొసైటీ గోదాములను ప్రైవేటుకు అప్పగించకూడదు. మూసిన గూడ్సు షెడ్లను తెరిచి, చిన్న మొత్తాల సరుకునూ ఎక్కించుకోవాలి. తూకంలో తరుగు పేరుతో కోసే ప్రతి కిలోకూ రాతపూర్వక లెక్క ఇవ్వాలి.

ఒక మాట మనకు మనం చెప్పుకోవాలి. 1889లో ఐయోవాలోని రాక్‌వెల్ రైతులు సొంత సహకార ఎలివేటరు పెట్టుకున్నారు. దాన్ని దెబ్బతీయడానికి వ్యాపారులు ఎక్కువ రేటు ఆశ చూపుతారని వారికి ముందే తెలుసు. అందుకే సభ్యుడు బయట అమ్మినా సరే, ఆ సరుకు మీద సంఘానికి కమీషను కట్టాలని నియమం రాసుకున్నారు. దాంతో వ్యాపారి రేటు పెంచినా సంఘం నిలబడింది. మనం ఏం చేస్తున్నాం? క్వింటాలుకు ఇరవై రూపాయలు ఎక్కువన్నాడని సొసైటీని వదిలి మిల్లు గేటు ముందు నిలబడుతున్నాం. సొసైటీ మూతపడ్డాక ఆ ఇరవై రూపాయలు ఎవడిస్తాడు?

మీ ఊరి గోదాము తాళం ఎవరి దగ్గరుంది? కాంటా ఎవరిది? సభ్యులు వచ్చే గ్రామసభలో ఈ రెండు ప్రశ్నలూ అడగండి. జవాబు రాయించుకొని సంఘానికి పంపండి. పట్టాలు పీకేశాక స్టేషను కోసం ఏడ్చి లాభం లేదు.