ఫీడరు చివరికి సౌర ప్లాంటు

శ్రీ సత్యసాయి జిల్లాకు ఎండ కొదవ లేదు, సౌర విద్యుత్తుకూ కొదవ లేదు. నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016లోనే పని మొదలుపెట్టింది. అయితే అక్కడ పుట్టిన కరెంటు 400 కేవీ లైన్లెక్కి పెద్ద గ్రిడ్డులోకి పోతుంది. మళ్లీ మెట్టు మెట్టుగా 11 కేవీకి దిగి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లోని బోర్లకు చేరాలి. పెద్ద పార్కులు ఎన్ని కట్టినా ఈ చివరి తీగల మీది భారం తగ్గదు.

ఆ భారం మోసేది ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి పల్లెలకు వెళ్లే 11 కేవీ లైను, చివరనున్న రైతే. సబ్‌స్టేషన్ పక్కన మోటారు స్టార్టర్ నొక్కగానే నీళ్లు పోస్తుంది. చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటారుకు వోల్టేజీ చాలదు. ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, వైండింగ్ కాలిపోతుంది. దాన్ని వందల అడుగుల లోతు నుంచి పైకి లాగి, రీవైండింగ్ చేయించి మళ్లీ దించేసరికి పట్టు రైతు తోటలో మల్బరీ ఆకు వాడిపోతుంది. పట్టుపురుగు ఆగదు కదా!

తీగలో కరెంటు సగమైతే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే వాడకం ఉన్నచోటే కొంత విద్యుత్తు పుట్టించాలి. ఎంత, ఎక్కడ అన్నదే కీలకం. లోడు సమానంగా పరుచుకున్న ఫీడరులో, లోడులో మూడింట రెండు వంతుల సామర్థ్యమున్న ప్లాంటును, సబ్‌స్టేషన్ నుంచి మూడింట రెండు వంతుల దూరంలో పెడితే, ఆ సమయంలో తీగల నష్టం తొమ్మిదో వంతుకు దిగుతుందని లెక్క. నిజమైన ఫీడర్లు అంత సమంగా ఉండవు కాబట్టి ప్రతిదానికీ విడిగా అధ్యయనం జరగాలి. చవగ్గా భూమి దొరికిందని మోతాదుకు మించిన ప్లాంటు కడితే కరెంటు వెనక్కి పారుతుంది, మధ్యాహ్నం వోల్టేజీ మితిమీరుతుంది, నష్టం తగ్గకపోగా పెరుగుతుంది.

ఇంజినీర్ల భయాలను కొట్టిపారేయలేం. లైను ఆపిన క్షణంలో ఇన్వర్టరు తనంతట ఆగాలి. లేకుంటే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. ఈ రక్షణలో రాజీ పడకూడదు. ధర్మవరం మరమగ్గాలకు రాత్రి కూడా కరెంటు కావాలి. అక్కడ ఎండ ఒక్కటే చాలదు, బ్యాటరీలు తోడు కావాలి. వ్యవసాయానికి ఆ చిక్కు లేదు. పంపుసెట్లకు పగటి పూటే సరఫరా ఇవ్వాలన్నది ప్రభుత్వ విధానం, సూర్యుడూ పగలే పనిచేస్తాడు.

దారి కొత్తగా వెతకక్కర్లేదు. పీఎం-కుసుమ్ పథకం సబ్‌స్టేషన్లకు దగ్గర్లో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంట్లు కట్టుకోవడానికి రైతులకూ, సహకార సంఘాలకూ అవకాశం ఇస్తోంది. వ్యవసాయ ఫీడర్ల సౌరీకరణలో మహారాష్ట్ర పెద్ద ఎత్తున ముందుకు పోతోంది. బీడు పడ్డ మెట్ట నేలలున్న మన జిల్లా ఎందుకు వెనకబడాలి?

దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ముందు ఫీడరువారీ నష్టాలు, చివరి వోల్టేజీలు బయటపెట్టాలి. ప్లాంటు స్థలాన్ని గుత్తేదారు కాక ఆ లెక్కలే నిర్ణయించాలి. స్థానిక రైతులకు మొదటి అవకాశం ఇవ్వాలి, వారి నుంచి కొన్న కరెంటుకు నెలనెలా డబ్బు చెల్లించాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్న ఫీడర్ల సర్వేను వచ్చే వేసవిలోపే ముగించాలి.