శివారు నివాసం – ఎండా నీడా

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఆ రెండింటిలోని కష్టం ఎరిగినవారు చెప్పిన మాట అది. ఇల్లు ఎలా కట్టాలన్న చింతకు తోడు ఎక్కడ కట్టాలన్న చింత కూడా నేటి మధ్యతరగతి కుటుంబాన్ని వేధిస్తున్నది. నగరం నడిబొడ్డున నాలుగు గజాల స్థలం కొనడం సామాన్యునికి అందని మాట. అందువల్ల అతని చూపు నగరం అంచులకు మళ్లుతున్నది. ఒకప్పుడు పత్తి, మిరప పండిన చేలల్లో నేడు హద్దురాళ్లు మొలుస్తున్నాయి. వరంగల్ చుట్టూ ఏ దిక్కుకు వెళ్లినా కనిపించే దృశ్యం ఇదే.

వరంగల్, హనుమకొండ, కాజీపేట అనే మూడు ఊళ్లు కలిసి పెరిగిన నగరమిది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, అదే సంవత్సరం వైద్య కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఇక్కడ వెలిశాయి. కాజీపేట కూడలి రైల్వే ఉద్యోగులను రప్పించింది. ఏనుమాముల మార్కెట్ రైతులను, వ్యాపారులను రప్పించింది. చదువు కోసం వచ్చినవారు, కొలువు కోసం వచ్చినవారు ఇక్కడే స్థిరపడ్డారు. చుట్టుపక్కల 42 గ్రామాలు నగరంలో విలీనమయ్యాయి. 2015లో నగరపాలక సంస్థకు ‘గ్రేటర్’ హోదా లభించింది. నేడు దాని విస్తీర్ణం సుమారు 400 చదరపు కిలోమీటర్లు. మడికొండ, హసన్‌పర్తి, భీమారం, మామునూరు, గొర్రెకుంట వంటి ఊళ్లు పేరుకు నగరంలో భాగాలే. వాటి రూపం మాత్రం సగం పల్లె, సగం పట్నం.

ఇటువంటి శివారులో నివసించడంలో సుఖం లేదనడం సత్యదూరం. అద్దె ఇంట్లో రెండు గదుల మధ్య ఇరవై ఏళ్లు గడిపిన ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసి నూటయాభై గజాల్లో సొంత ఇల్లు కట్టుకుంటే, అతనికి దక్కేది గోడలూ కప్పూ మాత్రమే కాదు. మేకు కొట్టడానికి యజమాని అనుమతి అడగనవసరం లేని స్వాతంత్ర్యం దక్కుతుంది. వాకిట్లో వేపమొక్క, పెరట్లో కరివేపాకు చెట్టు, డాబా మీద నాలుగు మంచాలు వేసుకునే చోటు దొరుకుతాయి. నడి ఊరి రొద, పొగ అంతగా ఉండవు. పరకాల నుండి ఒకరు, నర్సంపేట నుండి ఒకరు, జనగామ నుండి మరొకరు వచ్చి ఒకే వీధిలో ఇళ్లు కట్టుకుంటారు. పుట్టిన ఊళ్లు వేరైనా, బతుకమ్మ నాటికి ఆ వీధి ఆడపడుచులంతా ఒకే చోట చేరుతారు. కొత్త ఇరుగుపొరుగు ఇలా పుడుతుంది. కన్న ఊరు గంట ప్రయాణంలో ఉంటుంది కనుక పొలంతో, పండుగతో సంబంధం తెగిపోదు. పిల్లల చదువుకు, పెద్దల వైద్యానికి నగరం చేరువలోనే ఉంటుంది. ఇన్ని మేళ్లు ఉన్నందువల్లనే జనం శివార్లకు తరలుతున్నారు. వారిని అవివేకులని నిందించేవారిలో చాలామందికి నగరం మధ్యలో తాతలనాటి ఇళ్లున్నాయన్నది కూడా గమనించవలసిన విషయం.

ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతకు ఓరుగల్లు నేలలో ప్రత్యేకమైన అర్థం ఉన్నది. ఇది సముద్రానికి దూరమైన రాతినేల. ఏకశిలానగరమన్న పేరే ఆ సంగతి చెబుతున్నది. పద్మాక్షి గుట్ట, మెట్టుగుట్ట వంటి రాతిగుట్టలు పగలంతా కాగి, పొద్దుగుంకిన తరువాత ఆ వేడిని వెలిగక్కుతాయి. సిమెంటు కప్పులు, తారు రోడ్లు చేసే పని కూడా అదే. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం ఇక్కడ అరుదు కాదు. కానీ మనిషిని కుంగదీసేది పగటి ఎండ ఒక్కటే కాదు. చల్లబడని రాత్రి కూడా. పగలు అలసిన దేహం రాత్రి కోలుకోకపోతే మరునాటి ఎండను తట్టుకోలేదు. గదిని చల్లబరిచే యంత్రం ఆ గదిలోని వేడిని వీధిలోకి నెడుతుంది. యంత్రం లేని పక్కింటివారు ఆ వేడిని భరించవలసిందే.

పాత పల్లెల్లో మందపాటి మట్టిగోడలు, పెంకుల కప్పు, ముంగిట వేపచెట్టు ఉండేవి. శివారు వెంచరులో మొదట కొట్టివేసేది ఆ చెట్టునే. నేల చదును చేసి, రోడ్లు గీసి, రాళ్లు పాతుతారు. తరువాత ఇల్లు ఒక్కటే ఎండలో నిలబడుతుంది. చుట్టూ ఖాళీ ప్లాట్లలో సర్కారు తుమ్మ తప్ప మరేదీ మొలవదు. ఊరి బయట గాలి చల్లగా ఉంటుందన్న నమ్మకంతో వచ్చినవారికి ఆ చల్లదనం చెట్టు వల్ల, చెరువు వల్ల కలిగిందని, అవి పోతే అదీ పోతుందని ఆలస్యంగా బోధపడుతుంది.

ఈ ఎండ అందరినీ ఒకే విధంగా బాధించదు. ఆ ఇళ్లు కట్టే కూలీలు రేకుల షెడ్లలో కాపురముంటారు. మధ్యాహ్నం ఉద్యోగి కార్యాలయంలో ఉంటాడు. ఇంటి ఇల్లాలు మాత్రం కాగిన కప్పు కింద పొయ్యి ముందు ఉంటుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారే. ఎండకు బలి అయినవారిలో వృద్ధులు, ఆరుబయట పనిచేసే పేదలు ఎక్కువ.

దూరం మరొక ఇబ్బంది. రోడ్డు పడక ముందే ఇళ్లు వస్తాయి. బస్సు మాత్రం ఎన్నేళ్లకో గాని రాదు. అందువల్ల ఇంటికొక మోటారు వాహనం అవసరమవుతుంది. తండ్రి వద్ద ఒకే బండి ఉన్న ఇంట్లో, సాయంత్రం తరగతులున్న కళాశాలలో చేరాలా వద్దా అన్న నిర్ణయం ఆడపిల్ల మార్కులను బట్టి జరగదు. ఆఖరి బస్సు వేళను బట్టి, వీధి దీపాలను బట్టి జరుగుతుంది. చౌకగా దొరికిన స్థలానికి ఆ ఇల్లు చెల్లిస్తున్న మూల్యంలో ఇదీ ఒకటి. కొనుగోలు పత్రంలో మాత్రం ఇది కనిపించదు.

అన్నిటికంటె లోతైన సమస్య నీరు. ఓరుగల్లును ఏలిన కాకతీయులు చెరువులు తవ్వించిన ప్రభువులుగా ప్రసిద్ధులు. పాకాల, రామప్ప చెరువులు నేటికీ పొలాలను తడుపుతున్నాయి. వారు చెరువులు తవ్వించింది కేవలం పుణ్యం కోసమే కాదు. చెరువు కింద పండే పంట రాజ్యానికి ఆదాయం. అయినా ఆ లెక్కలో ఒక వివేకం ఉన్నది. ఈ ప్రాంతంలో వాన ఎక్కువగా జూన్ నుండి సెప్టెంబరు వరకే కురుస్తుంది. ఆ నాలుగు నెలల నీటిని పట్టి ఉంచితేనే మిగిలిన ఎనిమిది నెలలు గడుస్తాయి. అందుకే చెరువులను గొలుసుకట్టుగా నిర్మించారు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కాలువ వెంట కింది చెరువును చేరుతుంది. ఆ చెరువు వేసవిలో చుట్టూ ఉన్న బావులకు ఊట, గాలికి చల్లదనం ఇస్తుంది.

శివారు విస్తరణలో ఈ గొలుసు తెగిపోయింది. వేసవిలో ఎండి కనిపించే శిఖం భూమి కొనేవాడికి చదునైన మంచి స్థలంగా తోస్తుంది. కాలువ సన్నని మురుగు నాలాగా మారుతుంది. దాని మీద ప్రహరీ లేస్తుంది. నీరు మాత్రం తన దారి మరువదు. 2020 ఆగస్టులోను, 2023 జులైలోను కురిసిన భారీ వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు జలమయమయ్యాయి. నయీంనగర్ నాలా పొంగి ఇళ్లను ముంచింది. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి కూడా పడింది. మే నెలలో నీటి ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టిన వీధిలోనే జులైలో పడవ కోసం ఎదురుచూడవలసి రావడం ఈ కాలపు వింత. ఎండాకాలపు దాహం, వానాకాలపు ముంపు రెండు వేరు వేరు విపత్తులుగా కనిపిస్తాయి గాని, రెండింటికీ మూలం ఒక్కటే. నేలలోకి ఇంకవలసిన నీటికి చోటు లేకపోవడమే ఆ మూలం.

సంపద ఉంటే ఈ చిక్కులు తీరుతాయని భావించేవారు అమెరికాలోని ఫీనిక్స్ నగరాన్ని పరిశీలించాలి. ఎడారిలో మైళ్లకొద్దీ పరుచుకున్న శివార్ల నగరమది. విశాలమైన ఇళ్లు, చల్లని గదులు, ఇంటింటికీ కార్లు అక్కడ సామాన్యం. దాని శివారు పట్టణాలలో తెలుగు కుటుంబాలు కూడా నివసిస్తున్నాయి. 2023 వేసవిలో అక్కడ వరుసగా 31 రోజుల పాటు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. ఆ నగరమున్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది 645 మంది ఎండ సంబంధిత కారణాలతో మరణించారు. నిలువ నీడ లేనివారు, ఇంట్లో యంత్రం చెడిపోయినవారు వారిలో ఎందరో ఉన్నారు. అంత సంపన్న దేశంలోనూ యంత్రం ఇచ్చే చల్లదనం యంత్రం ఉన్నవారికే పరిమితమైంది. చెట్టు నీడకు, చెరువు గాలికి అటువంటి హద్దు లేదు.

కనుక శివారులో ఉండాలా, నగరం మధ్యలో ఉండాలా అన్న వాదం అంత ఉపయోగకరమైనది కాదు. జనం పెరుగుతున్నప్పుడు ఊరు పెరగక తప్పదు. లాభాలన్నీ ఇంటి ప్రహరీ లోపల ఉండి, నష్టాలన్నీ వీధిలోకి, దిగువ కాలనీలోకి, రాబోయే వేసవిలోకి నెట్టబడుతున్నాయన్నదే అసలు చిక్కు. లేఅవుట్ వేసేవారు పదోవంతు స్థలాన్ని అందరి కోసం ఖాళీగా వదలాలన్నది నిబంధన. అనుమతి లేని లేఅవుట్లలో ఆ స్థలం వదలకుండానే ప్లాట్లు అమ్మారు. 2020లో ప్రభుత్వం ప్రకటించిన క్రమబద్ధీకరణ పథకంలో, ఖాళీ స్థలం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం రుసుము నిర్ణయించారు. అమ్మినవాడు చేసిన తప్పుకు కొన్నవాడు పైకం చెల్లిస్తాడు. అతని ప్లాటు సక్రమమవుతుంది. ఆ పైకంతో ఆ వీధిలో చెట్టు మొలవదు, పిల్లలు ఆడుకునే మైదానం తిరిగి రాదు. కొనుగోలుదారుని కష్టం దృష్ట్యా ఇటువంటి పథకాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ నీడకు వెలకట్టి వదిలివేసే పద్ధతి అలవాటుగా మారడం క్షేమం కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. సూర్యకాంతిని తిప్పికొట్టే తెల్లని పూత లేదా పెంకులు కప్పు మీద వేస్తే ఇంటి లోపలి వేడి తగ్గుతుందన్నది దానిలోని సూత్రం. డాబాకు సున్నం కొట్టే పాత అలవాటు కూడా ఇటువంటిదే. అయితే నివాస గృహాలలో 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టినవాటికే ఈ విధానం తప్పనిసరి. శివారులో సామాన్యుడు కట్టేది నూటయాభై, రెండువందల గజాల ఇల్లు. అత్యధికులకు అది ఐచ్ఛికంగానే మిగిలింది. అటువంటి ఇళ్లకు పూత ఖర్చులో కొంత రాయితీ ఇవ్వడం పెద్ద భారమేమీ కాదు.

వరంగల్‌కు 1972 నాటి బృహత్ ప్రణాళిక తరువాత మరొకటి అమలులోకి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 2041ని లక్ష్యంగా పెట్టుకున్న కొత్త ప్రణాళికకు 2024 నవంబరులో ఆమోదం లభించింది. ఈ మధ్యకాలంలో ఊరు ప్రణాళిక కోసం ఆగలేదు. మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతించడంతో ఆ వైపు భూములకు గిరాకీ మరింత పెరిగింది. అక్కడ రేపు వెలిసే ప్రతి వెంచరులోను, ప్లాటు చూపించే పటం పక్కనే చెరువు పూర్తి నీటిమట్టం ఎక్కడివరకు వస్తుందో, వాననీరు ఏ దారిన పోతుందో, అందరికీ వదిలిన పదోవంతు స్థలం ఎక్కడున్నదో తెలిపే మరొక పటాన్ని కొనేవాని చేతికి ఇచ్చి తీరాలని అధికారులు శాసించాలి. ఆ పటం లేనిదే రిజిస్ట్రేషన్ జరగరాదు.