బంతి వెంట పరుగెత్తే ముందు



ఆగస్టు 29 వ తేదీ హాకీ వీరుడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. ఆయన 1905 లో పుట్టాడు. ఆ రోజును మన దేశంలో జాతీయ క్రీడాదినంగా జరుపుకుంటాం. ఇలాటి రోజుల్లో ఆటల మైదానాలు కిటకిటలాడతాయి. ఆడేవాళ్ళు కొందరైతే, చూడవచ్చే అమ్మలూ నాన్నలూ తాతయ్యలూ ఎందరో!

మైదానం లోపల తప్పు జరిగితే రిఫరీ ఈల వేస్తాడు. కాని గేటు బయట, స్కూటర్లూ కార్లూ నిలిపేచోట, ఈల వేసేవారెవరు? అక్కడ ఎవరికి వారే రిఫరీలు.

"అక్కడ కార్లు మెల్లగానే పోతాయిగదా, భయం దేనికి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం.

గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకండులో సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. డ్రైవరు మిమ్మల్ని చూచి, బ్రేకు మీద కాలు వేయటానికే ఒక సెకండు పడుతుందనుకోండి. బ్రేకు వేశాక కూడా, పొడిరోడ్డు మీద, ఆ కారు మరి రెండు మీటర్లు పోయిగాని ఆగదు. మొత్తం దాదాపు 8 మీటర్లు. అంటే రెండు కార్లను ఒకదాని వెనుక ఒకటి నిలిపినంత పొడవు!

అదే కారు 40 కిలోమీటర్ల వేగంతో వస్తే? ఆగటానికి సుమారు 20 మీటర్లు కావాలి. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక పోయే దూరం నాలుగింతలవుతుంది. ఇప్పుడు చెప్పండి: మీ బంతి రెండు కార్ల సందులోనుంచి దొర్లింది. మీరు దాని వెంట పరుగెత్తారు. రెండు మీటర్ల దూరంలో వున్నప్పుడుగాని మీరు డ్రైవరు కంటబడలేదు. ఎంత మంచి డ్రైవరైనా ఏం చేయగలడు?

వెనక్కు వచ్చే కారుతో మరో చిక్కు వున్నది. మన చూపు తిన్నగా పోతుందే గాని, వంగి కిందికి దిగదు. కారు వెనుక అద్దం నేలకు దాదాపు ఒక మీటరు ఎత్తున మొదలవుతుంది. బంతి కోసం వంగిన పిల్లవాడు అంతకంటె కిందనే వుంటాడు. కొన్ని కార్లకు వెనుక కెమెరా వుంటుంది. కాని దాని కంటికి బురద అంటితే అదీ గుడ్డిదే.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఇంటి ఆవరణలో, ఇంజను ఆపిన కారులో నాన్నగారిని కూర్చోమనండి. తాళంచెవి అమ్మ చేతిలో వుండాలి. కారు వెనుక ఒక బిందె పెట్టి, కొంచెం కొంచెంగా దూరం జరపండి. నాన్నగారికి బిందె ఎక్కడ కనిపించిందో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీతకూ కారుకూ మధ్య బిందెకు బదులు మీ చెల్లాయి వుంటే? ఒక్కసారి ఊహించుకోండి!

అందుకే ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. కారు వెనుక తెల్లదీపం వెలిగితే అది వెనక్కు రాబోతున్నదన్నమాట; ఆగిపోండి. చెవులను మాత్రమే నమ్మకండి; విద్యుత్తుతో నడిచే కార్లు నెమ్మదిగా పోయేటప్పుడు అంతగా చప్పుడు చేయవు. చిన్నవాళ్ళ చేయి వదలకండి. బంతి కార్లలోకి పోతే, మీరు పోక, పెద్దవారిని పిలవండి.

పెద్దలకూ ఒక మాట. ఆట చూడబోతూ, నిద్రపోయే పాపను కారులో వదలకండి. ఎండ అద్దాలగుండా లోపలికి వచ్చి సీట్లను కాలుస్తుంది. ఆ వేడి తేలికగా బయటకు పోలేదు. పది నిమిషాలలోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరగవచ్చు. కిటికీ కాస్త తెరిచినా అది పెద్దగా తగ్గదు.

ధ్యాన్‌చంద్ ఆడుతుంటే బంతి ఆయన కర్రకు అతుక్కుపోయిందా అనిపించేదట. గేటు దాటాక మీ బంతి కూడా అలాగే మీ సంచిని అతుక్కుని వుండాలి సుమా!

బిందె ఎన్ని అడుగుల దూరాన కనిపించిందో మాకు రాయండి. వచ్చే నెల మరో కొత్త సంగతి తెలుసుకుందాం.