పక్క మండలం వాన

2023 ఖరీఫ్‌కు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 కరువు మండలాలను ప్రకటించింది. కర్నూలు జిల్లాకు 24, నంద్యాలకు 6. చూడ్డానికి చిన్న పట్టిక. దాని వెనక ఎన్ని ఎక్సెల్ ఫైళ్లుంటాయో పత్తికొండ రైతు ఎన్నడూ చూడడు. వానలెక్క ఒక ఆఫీసులో, సాగైన ఎకరాలు వ్యవసాయ శాఖలో, నీటిమట్టం భూగర్భ జలశాఖలో, ఉపగ్రహం తీసిన పచ్చదనం లెక్క ఇంకోచోట. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం ముందు వానలోటు, వానల మధ్య ఎడం చూడాలి. ఆపైన మిగతావన్నీ జోడించి, చివరికి పొలాల్లోకి వెళ్లి సరిచూసుకోవాలి.

ఆ జోడించడం దగ్గరే చిక్కు. వీరపునాయునిపల్లె అన్నా వి.ఎన్.పల్లె అన్నా కడపలో ఎవరూ తడబడరు. కంప్యూటరుకు మాత్రం అవి రెండు ఊళ్లు. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు అంకెను లాగే వీలుకప్ సూత్రానికి ‘అచ్చం అదే పేరు వెతుకు’ అని చివర చెప్పకపోతే, దొరకని పేరుకు బదులు అక్షరక్రమంలో ముందున్న మండలం అంకెను పట్టుకొస్తుంది. పక్క మండలంలో పడిన వాన కాగితం మీద ఈ మండలంలో కురుస్తుంది! గడిలో ఎర్రర్ కనిపిస్తే ఆపరేటరు తల పట్టుకుంటాడు, అదే నయం. ఇలా చడీచప్పుడు లేకుండా వచ్చిన అంకెను ఎవరు అనుమానిస్తారు? ఫైలు తెరవగానే ‘లింకులు అప్‌డేట్ చేయాలా’ అని అడుగుతుంది. కలెక్టరేట్ నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తున్న వేళ ‘వద్దు’ నొక్కితే, పోయిన వారం అంకే ఈ వారం అంకె అయి కూర్చుంటుంది.

మన రాయలసీమలో పేర్లూ హద్దులూ కుదురుగా ఉన్నదెప్పుడు? గిద్దలూరు, మార్కాపురం 1970లో కర్నూలు నుంచి కొత్త జిల్లాలోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరుపడింది. కడప 2010లో వైఎస్సార్ జిల్లా, 2025లో వైఎస్సార్ కడప. పదేళ్ల కర్నూలు సగటు వానపాతం తీస్తే, మొదటి ఏళ్ల కర్నూలు వేరు, చివరి ఏళ్ల కర్నూలు వేరు. ప్రతి మండలానికీ, ఊరికీ కేంద్ర డైరెక్టరీలో ఒక కోడ్ ఉంది. పేరుతో కాక ఆ కోడ్‌తో జోడిస్తే సగం తంటా తప్పుతుంది.

కరణాల కాలంలో ఈ లింకులన్నీ ఒక మనిషి తలలో ఉండేవి. అడంగల్‌లో ఏ సర్వే నంబరు ఏ చెరువు కిందిదో ఆయన చూడకుండానే చెప్పేవాడు, జమాబందీలో లెక్క తేలేది. ఆ తల ఎవరికి అనుకూలంగా పనిచేసేదో కూడా ఊరికి తెలుసు. అందుకే 1984లో ఆ పదవులు పోయినందుకు పెద్దగా బెంగ లేదు.

ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ వారికే 2020లో పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో వరుసలు చాలక దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. మన మండల ఆఫీసు ఆపరేటరును ఏమనగలం? ఒకే సమాచారాన్ని నలుగురు నాలుగు ప్రొఫార్మాల్లో అడుగుతుంటే, ఆయన అతికించి పంపక ఏం చేస్తాడు? ఒక అంకెకు ఒకే సొంతదారు, ఒకే ఫైలు ఉండాలి. మిగతావారు దాన్ని చూసుకోవాలి గానీ మళ్లీ కొట్టుకోకూడదు. ఇది పై ఆఫీసు తేల్చాల్సిన మాట.

కరువు జాబితాతో పాటు ప్రతి మండలం అంకె పక్కన అది ఏ శాఖది, ఏ తేదీది అన్నది రాసి ఊరి సచివాలయం గోడకు అంటిస్తే బాగుంటుంది. ‘ఆ వారం మాకు పదును వానే పడలేదు సార్’ అని వచ్చే రైతు, అప్పుడు ఏ అంకె మీద వేలుపెట్టి అడగాలో తెలుసుకుని వస్తాడు.