పండుగ విద్యకు విఘ్నమా?

ఇంటివద్దనే చదువుకొంటూ జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా ఇంటర్మీడియట్ అంతిమ పరీక్ష వ్రాయబోయే బాలికకు పండుగలను అనుసరించి సంవత్సర ప్రణాళిక వేయవచ్చునా? యర్రగొండపాలెంలో ఈ మాట ఎత్తితే లభించే సమాధానం ఒక్కటే: "పండుగలు పట్టుకొని కూర్చుంటే చదువు అటకెక్కుతుంది." సంక్రాంతికి సైతం పిల్లలను గడప దాటనీయని వసతిగృహ విద్య మనకు అలవరచిన భయమిది. దీనికి శాస్త్రాధారమేమీ లేదు.

శాస్త్రం చెప్పినది వేరు. మనుస్మృతి చతుర్థాధ్యాయం ప్రకారం వేదాధ్యయనం శ్రావణ పూర్ణిమనాడో భాద్రపద పూర్ణిమనాడో ఉపాకర్మతో ఆరంభమై, నాలుగున్నర మాసాలు సాగి, పుష్యంలోనో మాఘశుక్ల ప్రథమదినాననో ఉత్సర్జనతో ముగుస్తుంది. అటుపై శుక్లపక్షాలలో వేదం, కృష్ణపక్షాలలో వేదాంగాలు. అష్టమి, చతుర్దశి, పర్వదినాలు అనధ్యయనాలు. అనగా విద్యాసంవత్సరమే ఋతువును అనుసరించి నిర్మితమైనది. ఆ క్రమాన్ని ద్విజ పురుషులకే పరిమితం చేసిన హద్దును మనం మోయనక్కరలేదు. మార్కాపురం పలక ఎవరి చేతికి అందినా అక్షరం పలుకుతూనే వచ్చింది.

అయితే నా ఆక్షేపణ పండుగల పక్షం వహించేవారిపైన కూడా ఉన్నది. అమెరికాలో కొన్ని పేగన్ కుటుంబాలు అయనాలు, విషువత్తులు, వాటి నడిమి దినాలు కలిపి ఎనిమిది పర్వాల చక్రంగా ఇంటి చదువును అమర్చుకొంటాయి. దానిని చూచి మనవారు ఉగాదికి పచ్చడిపై ఒక వ్యాసం, సంక్రాంతికి ముగ్గుల పటం చేయించి ధర్మవిద్య అనుకొంటున్నారు. పదిహేడేళ్ళ పిల్లకు అది అవమానం. ఆమె బుద్ధికి తగిన ప్రశ్న వేయండి.

ఈ పరాభవ సంవత్సరంలో మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఎందుకు? చాంద్రవర్షం 354 దినాలు, సౌరవర్షం 365. ఏటా పడే పదకొండు దినాల అంతరం పూడ్చక తప్పదు. 19 సంవత్సరాలలో ఏడు అధికమాసాలు ఎలా వస్తాయో ఆమెనే లెక్కించమనండి. సంక్రాంతి ఇంతకన్న కఠినమైనది. సూర్యుడు ఉత్తరాభిముఖుడగుట డిసెంబరు 21, 22 ప్రాంతంలో. మన మకర సంక్రమణం జనవరి 14, 15 తేదీలలో. అయనచలనం వలన సుమారు 72 సంవత్సరాలకొక దినం చొప్పున ఈ ఎడం పెరుగుతున్నది. "ఉత్తరాయణ పుణ్యకాలమంటే ఏ దినం?" అని పిల్ల అడిగితే "అలా అడగకూడదు" అనే ఇంటిలో పండుగ మిగలదు, భౌతికశాస్త్రమూ మిగలదు. ఈ ప్రశ్నకు వెరచి పండుగను కాపాడగలమనుకొనుట భక్తి కాదు, అవిశ్వాసం.

పరీక్ష మాటేమిటంటారా? ఆ సంస్థ పబ్లిక్ పరీక్షలు ఏటా రెండు పర్యాయాలు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరులలో, జరుగుతాయి. వేసవి పరీక్షకు కూర్చునే పిల్ల శ్రావణ పూర్ణిమకు క్రొత్త పాఠాలు మొదలిడి పుష్యంలో ముగిస్తే, మాఘ ఫాల్గుణాలు రెండూ పునశ్చరణకు మిగులుతాయి. నడుమ మాఘ బహుళ చతుర్దశి శివరాత్రి, అనధ్యయనమే. ఆ రోజు పుస్తకం మూసి, శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకానికి ఆమెను తీసుకొని వెళ్ళండి.